శంఖగిరి కంపుకోన

"ముక్కు మూసుకోకు అబ్బాయ్. మూసుకుంటే ఈ కోనకి కోపమొస్తుంది" అంది నాచక్క.

ఇందుకళ ముక్కు మీద నుంచి ఉత్తరీయం తీసింది. తీసిన మరుక్షణమే వాంతి గొంతుదాకా వచ్చింది. మళ్ళీ మూసుకుంది.

అది మామూలు కంపు కాదు. నానబెట్టి మరిచిపోయిన మినపప్పు, తడిసిన కుక్క, ఎలుక చచ్చిన గోనెసంచి, ఈ మూడూ ఒకే కుండలో వేసి మూతపెట్టి, ఏడాది తరువాత తెరిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. కుసుమావతీ రాజ్యంలో యువరాణి పడకగదికి పూటకొక పువ్వు మారుస్తారు. వాడిన రేకు ఒక్కటి కనిపించినా ఆమెకు అన్నం సయించదు. అటువంటి ఇందుకళ ఈనాడు జుట్టు ముడిచి, తలపాగా చుట్టి, మూలికలు అమ్ముకునే కుర్రవాడి వేషంలో, శంఖగిరి శిఖరం మీద మోకాలిలోతు బురదలో నిలబడి ఉంది.

రాక తప్పింది కాదు. నెల కిందట ఒక ఉదయం మహారాణి వైజయంతీదేవి నిద్రలేచి కాలు కదపబోతే వేళ్ళు కదలలేదు. చూస్తే పాదాల మీద తెల్లటి పెచ్చు కట్టింది. గీకితే రాలేదు, ఉలితో కొడితే నిప్పురవ్వలు వచ్చాయి. ఆ రాయి రోజుకు రెండు వేళ్ళ మందాన పైకి పాకింది. ఇందుకళ బయలుదేరిన నాటికి నడుము దాటింది. ఏడో రోజు సూర్యాస్తమయానికి గుండెను ముట్టుకుంటుందని రాజవైద్యుడు శీతలాచార్యుడు చెప్పాడు. ఉత్తరపు గుహల్లో ఉండే క్షారుడనే మాంత్రికుడు శంఖగిరిని తనకిమ్మని అడిగితే మహారాణి పొమ్మంది. ఇది వాడి పనే అని నగరమంతా అనుకుంది. ఆ రాయిని కరిగించే మొక్క శంఖగిరి మీదే ఉందని, తిరిగి కోటకు పూటలో చేరే అడ్డదారి తనకు తెలుసని శీతలాచార్యుడే వెంట బయలుదేరాడు.

ఈ రోజు ఏడో రోజు. సూర్యుడు నడినెత్తి దాటాడు.

"కొంచెం ఓర్చుకో నాయనా" అన్నాడు వెనుకనుంచి శీతలాచార్యుడు. ఆయన మాత్రం బురదలో లేడు. తెల్లని సున్నపురాళ్ళ మీద ఒకదాని నుంచి ఒకదానికి కొంగలా అడుగులు వేస్తూ వస్తున్నాడు. తెల్లని పంచె మీద చుక్క మరక లేదు. చేతిలో వెండి కమండలం. ఆరు రోజుల ప్రయాణంలోనూ ఆయన దగ్గర వాన వెలిసాక తడిరాయి వాసన వచ్చేదే తప్ప చెమట వాసన రాలేదు. ఈ పాడు లోకంలో శుభ్రమైన మనిషి ఒక్కడైనా తోడున్నాడని ఇందుకళకు ధైర్యంగా ఉంది. అమ్మ పాదాలను రోజూ ఉదయం మందునీళ్ళతో కడిగింది కూడా ఆ చల్లని చేతులే.

నాచక్క ఆ కోనను తరతరాలుగా కాపలా కాసే ఇంటిది. అరవై ఏళ్ళుంటాయి. ఒంటినిండా బురద పూసుకుని, గెడకర్ర పట్టుకుని, దవడలో ఏదో కుక్కుకుని నములుతూ ఉంది. మధ్యమధ్య గోధుమరంగు ఉమ్మి ఊస్తూ ఉంది. అది చూసినప్పుడల్లా ఇందుకళకు ఒళ్ళు జలదరిస్తూ ఉంది.

"ఆగండి. ఇక్కడ తోరాలు కట్టుకోవాలి" అంటూ ముసలిది మొలలోంచి మూడు పసుపుదారాలు తీసింది. "దీన్ని నీళ్ళలో ముంచితే పసుపు పసుపుగానే ఉందనుకో, ఆ నీళ్ళు మనవి. ఎర్రబడిందా, ముట్టుకోవద్దు."

"పారాణిలాగానా?" అంది ఇందుకళ. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడడం ఆమె పండుగ పండుగకూ చూసిందే.

"మగపిల్లాడివి, నీకు పారాణి సంగతెందుకు?" అని నాచక్క కళ్ళు చికిలించి నవ్వింది. "చూస్తూనే ఉన్నాలే. పొద్దుటినుంచి బురద తొక్కి కాళ్ళు కడుక్కోవడానికి నాలుగుసార్లు ఆగావు. ఏ మగాడు కడుగుతాడే పిల్లా?"

ఇందుకళ ముఖం ఎర్రబడింది. ఇక దాచి లాభం లేదని ముద్రిక చూపించి, ఎవరి బిడ్డో, ఎందుకొచ్చిందో చెప్పేసింది.

"ఆ మాట కొండకింద చెప్పలేకపోయావా! రోగి కడుపున పుట్టినవాళ్ళకు తప్ప మేము ఆ మందుమొక్క పుసికన్ను చూపించం. నీ ఆచార్యుడొక్కడే వచ్చి ఉంటే ఊబిలో తిప్పి తిప్పి ఇంటికి పంపేదాన్ని" అంటూ నాచక్క ఆమె మణికట్టుకు తోరం కట్టింది. ఆచార్యుడి వైపు తిరిగింది.

"నాకు పసుపు పడదమ్మా. ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి" అన్నాడాయన మృదువుగా. పట్టు రుమాలు మణికట్టుకు చుట్టుకుని, దాని మీద కట్టించుకున్నాడు.

ముగ్గురూ లోపలికి నడిచారు.

ఎంత పాడు అడవి అది! చెట్లు మనిషి ఎత్తుకు మించి ఎదగలేదు. మంచుగాలికి వంకర తిరిగి, ముసలివాళ్ళు కూర్చున్నట్టు కూర్చున్నాయి. కొమ్మలనుంచి బూడిదరంగు పాచి గడ్డాలు వేలాడుతున్నాయి. ఒకటి ఇందుకళ చెంపకు తగిలింది. ఎవరో తడిగడ్డంతో ముద్దుపెట్టుకున్నట్టయి ఆమె కెవ్వుమంది. మొద్దులనిండా మనిషి చెవుల్లాంటి పుట్టగొడుగులు. ముట్టుకుంటే మెత్తగా, చల్లగా వణికాయి. రాళ్ళ మీద పచ్చని కాలేయం ముక్కలు పరిచినట్టు ఏదో మొక్క, ఆకూ కాదు కాండమూ కాదు, చీదరగా అతుక్కుని ఉంది. ఒకచోట గంగాళమంత ఎర్రటి పువ్వు విప్పారింది. అందంగా ఉందే అని వంగి చూసిందో లేదో, కుళ్ళిన మాంసం కంపు గుప్పున కొట్టింది. నడుమ పురుగులు లుకలుకలాడుతున్నాయి.

"మా కోనలో అందరికంటే సోకులాడి అదే" అంది నాచక్క.

ఇందుకళ పక్కకు తిరిగి, పొద్దున తిన్న అటుకులన్నీ కక్కేసింది.

"మంచిదే. మొక్కలకు బలం" అని ముసలిది ముందుకు సాగింది.

కొంతదూరం పోయాక నేల రెండు రకాలుగా చీలింది. ఎడమవైపు తెల్లరాతి పగుళ్ళలోంచి ఊటలు ఉబికి, నీలపు మడుగులు కట్టాయి. ఎంత తేటగా ఉన్నాయంటే, అడుగున పడిన ఆకు ఈనెలు లెక్కపెట్టవచ్చు. తడిరాయి వాసన తప్ప కంపు అన్నదే లేదు. కుడివైపు నాచు మెత్తలు, గుట్టలు గుట్టలుగా, దూదిపరుపులు కుళ్ళి ఉబ్బినట్టు. వాటి మధ్య కషాయం రంగు నీరు, మీద నురగ, నురగలో దోమల శవాలు.

ఇందుకళ కాళ్ళు వాటంతట అవే ఎడమకు తిరిగాయి. నాచక్క గెడకర్ర అడ్డుపెట్టింది.

"తోరం ముంచి చూడు."

ముంచింది. నీలపు నీటిలో పసుపుదారం చూస్తుండగానే నెత్తురు రంగుకు తిరిగింది. మడుగు ఒడ్డున ఉన్న నాచును ముసలిది కర్రతో పొడిచింది. పైన వేలెడంత పచ్చగా ఉంది. దానికింద అంతా రాయి. నాచు పోగులు, వాటిలో చిక్కిన తూనీగ రెక్క, కప్ప కాలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే రాయైపోయాయి.

"కొండలోని సున్నం కరిగి ఈ నీళ్ళలో కలుస్తుంది. ఇది తాకినదాన్నల్లా నెమ్మదిగా పెచ్చు కట్టిస్తుంది. ఇటుపక్క నీళ్ళు వాననీళ్ళు. నాచు మెత్త పైన ఆగిపోయి, కిందనున్న సున్నాన్ని ముట్టుకోవు. కంపే కానీ పులుపు నీళ్ళు. సున్నాన్ని కరిగిస్తాయి. పాదాలవరకు పెచ్చు కడితే ఇందులో నానితే చాలు. గుండెదాకా పాకితే మాత్రం పుసికన్ను ఉండాల్సిందే."

"ఈ నీళ్ళన్నీ ఎక్కడికి పోతాయవ్వా?"

నాచక్క కోన చివర చూపించింది. అక్కడ తెల్లరాతిలో నల్లని నోరు ఒకటి తెరుచుకుని ఉంది. గోధుమ నీరూ, నీలపు నీరూ రెండూ గుటగుటమంటూ అందులోకి దిగిపోతున్నాయి. "గుటక బిలం. కొండ కడుపులో గాలి ఆడే గుహలగుండా పోయి మీ కోట అగడ్తలో తేలుతుంది. చుట్టూ నడిస్తే ఆరు రోజులు, లోపలనుంచి మూడు ఘడియలు. మా మేనమామ జారి పడ్డాడు. మేమంతా ఏడ్చి దినాలు కూడా చేశాం. చచ్చినోడు మీ ఊళ్ళో తేలి, అక్కడే పెళ్ళి చేసుకుని హాయిగా ఉండిపోయాడు!"

కోట అగడ్త గుర్తొచ్చి ఇందుకళకు మళ్ళీ వెగటు పుట్టింది. వంతెన దాటేటప్పుడు పల్లకీ తెరలు దించుకుని, పన్నీటి బుడ్డి ముక్కు దగ్గర పెట్టుకుని దాటేది.

నాచుమెత్తల నడుమ, మిగిలినవాటికంటే ఎత్తయిన గుట్ట మీద, మూడంటే మూడు మొక్కలున్నాయి. అరచేతికి మించవు. ఎర్రని గుండ్రని ఆకులు, ఆకు అంచున రెప్పవెంట్రుకల్లా నూగు, ప్రతి నూగు కొసన జిగట బొట్టు. నిజంగానే పుసికట్టిన కళ్ళలా ఉన్నాయి. ఒక్కొక్క కంటిలో ఈగలు. కొన్ని ఎండి పెంకులైపోయాయి. కొన్ని సగం కరిగి నల్లని రసం కారుస్తున్నాయి. కొన్ని ఇంకా కాళ్ళు ఆడిస్తున్నాయి.

"ఒకటి తీసుకో. రెండు విత్తనానికి ఉంచాలి" అంది నాచక్క.

ఇందుకళ కళ్ళు మూసుకుని, రెండు వేళ్ళతో ఒకదాన్ని వేరుతో సహా పెకలించింది. జిగురు వేళ్ళకు అంటుకుంది. అరిచేతిలో ఈగ రసం జారింది. ఒళ్ళంతా గగుర్పొడిచింది. దీన్ని అమ్మ నోట్లో ఎలా వేయడం?

"యువరాణీ" అని చెవి దగ్గర ఆచార్యుడి గొంతు చల్లగా వినిపించింది. "మహారాణి పెదవులకు ఈగలు తాకవచ్చా? ఒక్కసారి తేటనీటిలో జాడించండి. మందు గుణం ఎక్కడికీ పోదు."

నాచక్క అవతల గెడకర్రతో దారి వెతుకుతోంది. ఇందుకళ రెండో ఆలోచన చేయలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పండైనా, పువ్వైనా, చివరికి చిలకకు పెట్టే గింజైనా కడగకుండా ముట్టుకున్న చేయి కాదది. తోరం ఎర్రబడిన సంగతి తల మరిచినా, కడగాలన్న సంగతి చేయి మరవలేదు. రాయి మీదికి దిగి, మొక్కను నీలపు మడుగులో ముంచి, మూడుసార్లు జాడించింది.

పైకి తీసేసరికి అది తెల్లగా ఉంది. గాలి తగిలి, ముగ్గుపిండిలా వేళ్ళ సందుల్లోంచి రాలిపోయింది.

"ఓసి నీ శుభ్రం తగలెయ్య!" నాచక్క అరుపుకు చెట్ల మీది పక్షులు లేచిపోయాయి. "ఏడేళ్ళు పెరిగిన మొక్క! తోరం ముంచి చూశావు కదే! ఏం, నీ కళ్ళకు కూడా పుసి పట్టిందా?"

ఇందుకళ మోకాళ్ళ మీద పడింది. నీరు నిండిన కళ్ళతో ముసలిదాని బురద పాదాలు పట్టుకుంది. సగం పొద్దు వాలింది. అక్కడ రాయి అమ్మ పక్కటెముకలు ఎక్కుతూ ఉంటుంది.

 నాచక్క బుస్సుమని నిట్టూర్చి రెండో మొక్క పెకలించింది. "ఇదిగో. దీన్ని మేమెలా మోసుకుపోతామో తెలుసా? కుండలో పెడితే కుండకు కడిగిన నీళ్ళ సున్నం ఉంటుంది. గుడ్డలో చుడితే చాకిరేవు సున్నం ఉంటుంది. సున్నం తగలని చోటు మనిషికి ఒక్కటే ఉంది. నోరు. దవడలో పెట్టుకో. మింగకు, నమలకు, పెదవి విప్పకు. మీ అమ్మ దగ్గరే విప్పాలి."

"ఈగలతోనా?"

"ఈగలు తీస్తే దాని ప్రాణం పోతుంది. అమ్మ కావాలా, ముక్కు కావాలా?"

ఇందుకళ ఆ పుసికన్ను వైపు చూసింది. అది కూడా ఆమె వైపే చూస్తున్నట్టుంది. ఊపిరి బిగపట్టి నోరు తెరిచి, పెట్టేసుకుంది. నాలుక మీద చీమిడిలాంటి జిగట పరుచుకుంది. పులుపు, చేదు, ఆ వెనుక ఈగల రుచి. ఏదో ఒకటి బుగ్గ లోపల గీరింది.  రెండు చేతులతో నోరు గట్టిగా నొక్కిపట్టుకుని, కళ్ళనుంచీ ముక్కునుంచీ నీళ్ళు కారుతుండగా నిలబడింది. కక్కలేదు.

"అద్గదీ" అంది నాచక్క, మొదటిసారి మెచ్చుకోలుగా.

సరిగ్గా అప్పుడు శీతలాచార్యుడు గుట్ట మీదికి వంగాడు. వెండి కమండలం ఒంపాడు. తేటనీటి ధార మూడో మొక్క మీద పడింది. మొక్క తెల్లబడి పిండైపోయింది.

"అయ్యో, చేయి జారింది" అన్నాడు.

చేయి జారలేదు. కానీ వెంటనే కాలు జారింది. రాతి మీదినుంచి నాచుమెత్త మీద పడ్డ ఆయన పాదం కిందికి దిగబడి, కషాయపు నీరు ఎగజిమ్మింది. మణికట్టు మీది పట్టు రుమాలు తడిసి జారిపోయింది. పసుపు తోరం చర్మాన్ని తాకింది.

తాకినచోటల్లా ఎర్రబడింది. పారాణి పూసినంత ఎర్రగా.

ఇందుకళ చూసింది. రోజూ ఉదయం అమ్మ పాదాల మీద పారిన తేట మందునీళ్ళు ఆమె కళ్ళ ముందు మెదిలాయి. ఆ తడిరాయి వాసన ఈ మడుగుల వాసనే. ఇన్నాళ్ళూ ఏ శుభ్రాన్ని చూసి ధైర్యపడిందో అదే సున్నం. ఈగల రుచికి పుట్టని వెగటు ఆ తెల్లని చేతులను చూస్తే పుట్టింది. 'క్షారుడు!' అని అరవబోయింది. పెదవి విప్పితే ఉన్న ఒక్క మొక్కా పోతుంది. ఊఁ, ఊఁ అని మూలుగుతూ నాచక్క భుజం పట్టి కుదిపి, ఆ మణికట్టు చూపించింది.

"కనిపెట్టావా?" అని వాడు నవ్వాడు. గొంతు మారిపోయింది, బండ మీద బండ ఈడ్చినట్టుంది. "ఈ ముసలిది దాచిన చోటు నీకైతే చూపిస్తుందనే నిన్ను మోసుకొచ్చాను. ఇక మిగిలింది నీ నోట్లో ఉన్నదే. తెరువమ్మా. శుభ్రంగా కడిగిస్తాను."

నాచక్క గెడకర్ర ఎత్తి వాడి నెత్తిన ఒక్కటేసింది. కర్ర విరిగింది కానీ తల పగలలేదు. వాడు కమండలం విసిరాడు. ఆ నీళ్ళు పడి ముసలిదాని రెండు కాళ్ళూ మోకాళ్ళవరకు తెల్లగా బిగుసుకుపోయాయి. వాడు ఇందుకళ దవడ పట్టుకున్నాడు. వేళ్ళు రోకళ్ళలా ఉన్నాయి. పెదవులు విడిపోయేలా ఉన్నాయి.

గంట కిందటైతే ఆమె ఆ పని చేసి ఉండేది కాదు. ఇప్పుడు రెండు చేతులూ కుళ్ళిన నాచులోకి మోచేతులదాకా దించి, పురుగులతో, దోమల శవాలతో, పులుపు నీరు కారే అంత ముద్ద పెళ్ళగించి వాడి ముఖాన కొట్టింది.

సుయ్ సుయ్‌మని పొంగింది ఆ ముఖం. నీళ్ళు పోసిన సున్నపు గుల్లలా నురగలు కక్కింది. ఒక చెంప జారి బురదలో పడింది. వాడి అరుపుకు కోనంతా ప్రతిధ్వనించింది. కానీ కూలిపోలేదు. ఎడమ వైపు నీలపు మడుగులన్నీ ఒక్కసారి ఉబికి, వాడి కాళ్ళను చుట్టుకుని, తెల్లని గోడలా పైకి లేవడం మొదలుపెట్టాయి. వచ్చిన దారి మూసుకుపోయింది.

"నా కాళ్ళ పెచ్చు ఈ నీళ్ళలో నానితే అదే కరుగుతుంది, నా సంగతి నేను చూసుకుంటా!" నడుములోతు గోధుమ నీటిలోకి దొర్లుతూ నాచక్క కేకపెట్టింది. "నువ్వు పరుగెత్తవే! బిలం! మా మేనమామ పోయిన దారి!"

ఇందుకళ పరుగెత్తింది. నాచుమెత్తలు పాదాల కింద పొట్టల్లా ఊగాయి. వెనుక సున్నపు కెరటం కొమ్మలను, గడ్డాలను, చెవుల పుట్టగొడుగులను రాళ్ళుగా బిగిస్తూ పటపటమని తరుముకొచ్చింది. బిలం అంచున క్షణం ఆగింది. లోపల నల్లని నురగ సుడి తిరుగుతోంది. చచ్చిన కప్పలు, కుళ్ళిన ఆకులు, ఇందాక తాను కక్కిన అటుకులు కూడా అందులోనే తిరుగుతున్నాయి. అవతల అగడ్త. అగడ్త మీద కోట. కోటలో, గుండెకు వేలి మందం కిందికి రాయి చేరిన అమ్మ.

ముక్కునిండా ఆ కంపును పీల్చుకుంది. అంత గాలి ఆమె జన్మలో ఎన్నడూ పీల్చలేదు.

దూకింది.

నీరు నెత్తిమీద మూసుకుంది. నాలుక మీద, ఇంకా చావని ఈగ ఒకటి కాళ్ళు విదిలించింది. ఇందుకళ పెదవి విప్పలేదు.